ఏ లోయలోకి దిగుతున్నాం? లగ్నక్విల్లా కొండ గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినబడుతోందా? సరే.

మనవాళ్లు కొంతమంది ఇక్కడ ఐర్లండ్‌లో, డబ్లిన్‌కి దక్షిణాన విక్లో కొండల్లో ఉన్న లగ్నక్విల్లా ఎక్కుదాం అనుకుంటున్నారట, వెళ్లేముందు ఆ కొండ గురించి కాసేపు మాట్లాడమని అడిగారు. నేను గైడ్‌ని కాదు, జియాలజీ చదివినవాణ్ణి అంతకన్నా కాదు. డబ్లిన్‌లో అందరిలాగే ఆఫీసు, వీలు దొరికినప్పుడు విక్లో కొండల్లో తిరగడం, ఆ కొండల గురించి దొరికిందల్లా చదవడం, అంతే. కాబట్టి ఇది పాఠం అనుకోకండి, మధ్యలో ఆపి ఏమైనా అడగొచ్చు.

ముందు ఎత్తు సంగతి తేల్చేద్దాం. 925 మీటర్లు. విక్లో జిల్లాలోనే కాదు, లెన్‌స్టర్ ప్రాంతం మొత్తంలో ఇదే ఎత్తైన కొండ. ఐర్లండ్‌లో ఇంతకంటే ఎత్తైనవన్నీ నైరుతి మూలనున్న కెర్రీ జిల్లాలోనే ఉన్నాయి, కెర్రీ వదిలేస్తే దీన్ని మించింది లేదు. 925 అనగానే కొన్ని మొహాల్లో నవ్వు కనబడుతోంది. (నవ్వులు) నాకు తెలుసు ఎందుకో. మన అరకులోయ ఉన్నదే ఇంచుమించు ఆ ఎత్తులో. అక్కడ రైలు దిగి, స్వెట్టర్ వేసుకుని, బొంగులో చికెన్ తింటాం. అదే ఎత్తులో ఇక్కడ జనం రెస్క్యూ టీమ్‌కి ఫోన్ చేస్తారు.

తేడా ఎక్కడుందంటే, మనం ఉన్నది 53వ అక్షాంశం దగ్గర, పక్కనే అట్లాంటిక్. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వంద మీటర్లకీ అర డిగ్రీకి పైగా చలి పెరుగుతుంది. కింద డబ్లిన్‌లో 8 డిగ్రీలు ఉంటే పైన రెండో మూడో ఉంటుంది, దానికి గాలి కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. చెట్టన్నది లేదు, దాక్కోవడానికి బండ చాటు కూడా పెద్దగా దొరకదు. పైగా మనం నడక మొదలుపెట్టేది దాదాపు 200 మీటర్ల దగ్గర, అంటే 700 మీటర్లకు పైగా కాళ్లతోనే ఎక్కాలి. డిసెంబర్ చివర్లో అయితే పొద్దున ఎనిమిది నలభైకి తెల్లారి, సాయంత్రం నాలుగుంపావుకల్లా సూర్యుడు వెళ్లిపోతాడు. ఇంటి దగ్గర టిఫిన్ తిని తీరిగ్గా పదకొండింటికి మొదలుపెడదాం అంటే కుదరదు.

ఇదిగో, ఈ ఫోటో చూడండి. ఇది శిఖరం.

(నవ్వులు)

నిజంగానే. గడ్డి మైదానం. మధ్యలో రాళ్లు పేర్చిన పెద్ద గుట్ట, దానిమీద సర్వేవాళ్ల సిమెంటు స్తంభం, ఏ దిక్కున ఏ కొండ ఉందో చెప్పే పలక ఒకటి. దీన్ని పెర్సీస్ టేబుల్ అంటారు. క్రికెట్ ఆడుకోవచ్చు అనిపిస్తుంది, గొర్రెలు మేసి మేసి గడ్డి అంత పొట్టిగా ఉంటుంది. శిఖరం అంటే సూదిగా, ఇక పైకి వెళ్లడానికి దారి లేనట్టు ఉంటుందని ఊహించుకుని వచ్చినవాళ్లు ఇక్కడ కాస్త నీరసపడతారు. ఫోటో కూడా బాగా రాదు, మీ వెనకాల గడ్డి తప్ప ఏమీ పడదు.

అసలు నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది. ఈ కొండకి అందమైనా, చరిత్రైనా, ప్రమాదమైనా అన్నీ పక్కనున్న లోయల్లోనే. పైభాగం బల్లపరుపుగా ఉండటం వల్ల మంచు కమ్మిందంటే, మంచు అంటే స్నో కాదు, పొగమంచు, ఏ వైపు చూసినా ఒకేలా ఉంటుంది. కాలికింద వాలు లేదు కాబట్టి ఎటు దిగాలో ఒంటికి తెలియదు. వాయవ్యంగా దిగితే గ్లెన్ ఆఫ్ ఇమాల్, గ్లెన్ అంటే లోయ. తూర్పుకి దిగితే గ్లెన్‌మలూర్. దక్షిణంగా దిగితే అహవన్నా వైపు, ఔ నది లోయ. కారు ఇమాల్‌లో పెట్టి గ్లెన్‌మలూర్‌లో తేలారనుకోండి, రోడ్డు మీద పదుల కిలోమీటర్లు చుట్టు తిరిగి రావాలి, కొండకి అడ్డంగా రోడ్డు లేదు, ఆ లోయల్లో బస్సుల కోసం ఎదురుచూడటం దండగ. ఇలా తప్పు లోయలో దిగినవాళ్ల కథలు ఇక్కడ ప్రతి వాకింగ్ క్లబ్‌లోనూ ఉంటాయి. అది అదృష్టవంతుల సంగతి. దురదృష్టవంతులకి మధ్యలో ప్రిజన్లు వస్తాయి.

ప్రిజన్లంటే ఇవి. ఉత్తరం వైపు నార్త్ ప్రిజన్, దక్షిణం వైపు సౌత్ ప్రిజన్. ఆ గడ్డి మైదానం అంచున నేల ఒక్కసారిగా తెగిపోయి, కింద గిన్నెలా తొలిచిన పెద్ద లోతు, చుట్టూ రాతి గోడలు. ఎండ ఉన్న రోజు అంచున కూర్చుని సాండ్‌విచ్ తింటే ఎంత బాగుంటుందో. చలికాలంలో అంచు మీద స్నో పేరుకుని గాలిలోకి చాచుకుని ఉంటుంది, అది నేల అనుకుని అడుగేస్తే కింద ఏమీ ఉండదు. శీతాకాలంలో ఇక్కడ జారిపడి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. భయపెట్టడానికి చెప్పట్లేదు, 925 అని నవ్వినవాళ్ల కోసం చెబుతున్నా.

ఇలా పైన బల్లపరుపుగా, పక్కలు తెగ్గోసినట్టుగా ఎందుకుంది? దాదాపు 40 కోట్ల సంవత్సరాల కిందట ఇక్కడ రెండు భూభాగాలు ఢీకొని, మధ్యలో ఉన్న సముద్రం మూసుకుపోయింది. ఆ ఒత్తిడికి లోపలినుంచి కరిగిన రాయి పైకి తన్నుకొచ్చి, భూమి పైపొర కింద, బయటపడకుండానే చల్లారి గ్రానైట్ అయింది. డబ్లిన్ దక్షిణ శివార్ల దగ్గర మొదలై కిందికి వెక్స్‌ఫర్డ్, కిల్కెనీ సరిహద్దుల దాకా పోయే గ్రానైట్ ముద్ద అది, సుమారు 1,500 చదరపు కిలోమీటర్లు, ఐర్లండ్ బ్రిటన్‌లు రెంటిలోనూ ఇంత పెద్దది ఇంకోటి లేదు. దానిమీద అప్పటికే ఉన్న బురదరాయి ఆ వేడికి ఉడికి షిస్ట్ అయింది, మైకా పొరలతో తళతళలాడే రాయి. తర్వాత కోట్ల ఏళ్లపాటు వానా గాలీ ఆ పైకప్పుని అరగదీశాయి, చాలాచోట్ల గ్రానైట్ బయటపడింది. లగ్నక్విల్లా నెత్తిన మాత్రం ఆ పాత కప్పులో ఒక ముక్క మిగిలిపోయింది. మీరు పైన కూర్చుని టీ తాగేది ఆ ముక్క మీదే. ఈసారి వెళ్లినప్పుడు కింద చెప్పులకి తగిలే రాయినీ, పైన గుట్టలో పేర్చిన రాయినీ చేతిలోకి తీసుకుని చూడండి, కిందిది గరుకుగా, ఉప్పూ మిరియం కలిపినట్టు ఉంటుంది, పైది పలకలు పలకలుగా విడిపోతుంది.

ఇక పక్కలు కోసింది హిమానీనదాలు. మంచుయుగంలో విక్లో కొండలకి సొంతంగా మంచు టోపీ ఉండేది. ఎండ పడని గుంటల్లో మంచు ఏళ్ల తరబడి పేరుకుని, కదిలి, కొండని తొలిచి ప్రిజన్లు చేసింది, కిందికి జారి లోయల్ని వెడల్పు చేసింది. గ్లెన్‌మలూర్‌లో నిలబడి చూస్తే అడుగు చదునుగా, రెండు గోడలూ నిటారుగా ఉంటాయి, నది ఒక్కటే కోస్తే లోయ అలా ఉండదు. ఆ గోడల మీదనుంచి క్యారవేస్టిక్ జలపాతం దూకుతూ ఉంటుంది. దానిదేమో చిన్న పక్కలోయ, పెద్ద హిమానీనదం లోతుగా తవ్వినంత తవ్వలేక పైనే ఉండిపోయింది, అందుకని నీళ్లు దూకాల్సి వస్తోంది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తా. నార్త్ ప్రిజన్ వైపు పడ్డ వాన స్లేనీ నదై, ఇమాల్ లోయ దాటి, దక్షిణంగా వంద కిలోమీటర్లకు పైగా నడిచి వెక్స్‌ఫర్డ్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. గ్లెన్‌మలూర్ వైపు పడ్డది అవన్‌బెగ్, సౌత్ ప్రిజన్ వైపు పడ్డది ఔ. ఈ రెండూ వేర్వేరు దారుల్లో వెళ్లి చివరికి అవోకా నదిలో కలిసి ఆర్క్లో దగ్గర సముద్రం చేరతాయి.

ఇప్పుడు లోయల్లోకి వద్దాం. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది గ్లెన్ ఆఫ్ ఇమాల్ నుంచే, ఫెంటన్స్ పబ్ దగ్గర మొదలుపెట్టి కమారా కొండ మీదుగా. దారి సులువు, తిన్నగా ఉంటుంది. కానీ ఈ లోయ ఆర్మీది. 1900 ప్రాంతం నుంచి బ్రిటిష్ సైన్యం ఇక్కడ ఫిరంగులు పేల్చడం నేర్చుకునేది, స్వాతంత్ర్యం వచ్చాక ఐరిష్ సైన్యం చేతికి వచ్చింది, ఇప్పటికీ పేలుస్తున్నారు. ఎర్ర జెండా ఎగురుతుంటే ఆ రోజు ఆ దారి లేదనుకోండి. జెండా లేనప్పుడు కూడా కమారా మీదుగా వెళ్లే దారి ఒక్కటే వాడాలి, అటూ ఇటూ పోకూడదు. పేలకుండా నేలలో మిగిలిపోయిన షెల్స్ ఉంటాయి. దారి పక్కన బోర్డులుంటాయి, ఏదీ ముట్టుకోవద్దు, పేలి చనిపోతారు అని. ఇది లాయర్లు రాయించిన హెచ్చరిక కాదు.

ఈ లోయకి బాగా తెలిసిన విషాదం ఒకటుంది. 1941 సెప్టెంబర్ 16న, ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు, ఐర్లండ్ తటస్థంగా ఉన్నా సైన్యం తయారవుతూనే ఉంది. యుద్ధ ట్యాంకుల్ని ఆపే మైన్ ఎలా వాడాలో చూపిస్తుండగా అది పేలింది. 16 మంది సైనికులు చనిపోయారు. ఇంకెంతోమంది గాయపడ్డారు, కళ్లు పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల స్మారకం లోయలోనే ఉంది.

ఆ కమారా అన్న పేరు గుర్తుపెట్టుకోండి. మైకేల్ డ్వయర్ పుట్టింది అక్కడే, 1772లో. 1798లో ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలన మీద పెద్ద తిరుగుబాటు జరిగింది, వేసవి అయ్యేసరికి అణిచేశారు. డ్వయర్ మాత్రం లొంగలేదు, కొద్దిమందిని వెంటేసుకుని ఈ కొండల్లోకి వచ్చేశాడు, అయిదేళ్లు దొరకలేదు. 1799 ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఇమాల్‌లోని డెరినమక్ అనే చోట గుడిసెలో నిద్రపోతుంటే సైన్యం చుట్టుముట్టింది. ఇల్లు అంటుకుంది. లోపలున్న సామ్ మెక్‌అలిస్టర్ అనే, ఉత్తరాన ఆంట్రిమ్ జిల్లా మనిషికి అప్పటికే గాయమైంది. తను ఎలాగూ బతకనని, గుమ్మంలో నిలబడి సైనికుల తూటాలన్నీ తనమీదికి రప్పించుకున్నాడు, వాళ్లు మళ్లీ తుపాకులు నింపుకునేలోగా డ్వయర్ చలికాలపు రాత్రిలోకి పరిగెత్తాడు. ఆ గుడిసెని తర్వాత తిరిగి కట్టారు, ఇప్పుడు ప్రభుత్వ రక్షణలో ఉంది, తెల్లసున్నం గోడలు, గడ్డి కప్పు. గుమ్మం ఎంత ఇరుకో వెళ్లి చూడండి. ఒక మనిషి నిలబడితే నిండిపోతుంది, చరిత్ర చదివినప్పుడు కలగని భయం ఆ గుమ్మం ముందు కలుగుతుంది.

(ప్రేక్షకుల్లోంచి: చివరికి పట్టుకున్నారా?)

పట్టుకోలేదండీ, 1803 డిసెంబర్‌లో తనే లొంగిపోయాడు, అమెరికా పంపిస్తారన్న ఆశతో. పంపలేదు. డబ్లిన్‌లో కిల్మైనమ్ జైల్లో పెట్టి, ఆఖరికి ఆస్ట్రేలియా ఓడ ఎక్కించారు. ఆ ఓడ పేరు టెల్లిచెర్రీ. అవును, కేరళలోని తలచ్చేరే! ఈస్ట్ ఇండియా వ్యాపారం జోరుగా ఉన్న కాలం కదా, విక్లో తిరుగుబాటుదారుడు మలబారు రేవు పేరున్న ఓడలో సిడ్నీ వెళ్లాడు, 1806లో. అక్కడ గవర్నర్ బ్లై, అంతకుముందు బౌంటీ అనే ఓడలో సొంత నావికులే తిరగబడటంతో పేరు పడ్డ ఆ బ్లైయే, ఈయన మళ్లీ కుట్ర చేస్తున్నాడని కేసు పెట్టించాడు, కోర్టు నిర్దోషి అని వదిలేసినా నార్ఫక్ దీవికి తోలాడు. 1808లో బ్లైనే పదవి నుంచి దించేశారు. తిరిగొచ్చిన డ్వయర్ సిడ్నీ దగ్గర లివర్‌పూల్ అనే ఊళ్లో పోలీసు అధికారి అయ్యాడు. జీవితమంతా పోలీసుల్ని తప్పించుకున్న మనిషి! సినిమాలో పెడితే నమ్మరు.

డ్వయర్ వల్ల ఈ కొండలకి ఒక రోడ్డు వచ్చింది. అతనూ అతనిలాంటివాళ్లూ దాక్కునే చోట్లకి సైన్యం వెళ్లలేకపోతోందని, 1800లో డబ్లిన్ దగ్గర రాత్‌ఫార్నమ్‌లో మొదలుపెట్టి కొండల నడుమ నుంచి అహవన్నా దాకా రోడ్డు వేశారు. 1809కి పూర్తయింది, అలెగ్జాండర్ టేలర్ అనే ఇంజినీరు చేశాడు. దారి పొడుగునా బ్యారక్స్ కట్టారు. ఎవరికోసం వేశారో ఆయన 1803లోనే లొంగిపోయాడు, రోడ్డు పని మాత్రం ఇంకో ఆరేళ్లు సాగింది. ఆ మిలిటరీ రోడ్ మీదే మనం ఆదివారం డ్రైవ్‌కి వెళ్లి శాలీ గ్యాప్ దగ్గర ఆగి ఫోటోలు దిగుతాం.

ఆ రోడ్డు మీదే ఇంకా కిందికి వెళ్తే డ్రమ్‌గాఫ్ కూడలి, అక్కడినుంచి గ్లెన్‌మలూర్. నన్నడిగితే మొత్తం విక్లోలో దీన్ని మించిన లోయ లేదు. గ్లెన్‌డలాక్ అందరూ చూస్తారు, బస్సులు ఆగుతాయి, ఐస్‌క్రీమ్ దొరుకుతుంది. గ్లెన్‌మలూర్‌లో రోడ్డు లోపలికి పోయి పోయి బారావోర్ దగ్గర నది ఒడ్డున ఆగిపోతుంది, అంతే.

1580 ఆగస్టు 25న ఈ లోయలో జరిగిన యుద్ధం గురించి ఐర్లండ్‌లో చదువుకున్న మీ పిల్లల్ని అడగండి. ఈ కొండలు అప్పట్లో ఓబర్న్ వంశానివి, నాయకుడు ఫియాక్ మెక్‌హ్యూ. డబ్లిన్‌కి కొత్తగా వచ్చిన ఇంగ్లిష్ ప్రతినిధి లార్డ్ గ్రే, వచ్చీ రాగానే తన సత్తా చూపించాలనుకున్నాడు. ఇక్కడ తలపండినవాళ్లు వద్దన్నా వినలేదు. సైన్యాన్ని లోయ అడుగునుంచి నడిపించాడు. రాళ్లు, చిత్తడి, రెండువైపులా దట్టమైన అడవి, పైగా సైనికులు వేసుకున్నవి రంగురంగుల కోట్లు, దూరం నుంచే కనబడతాయి. అందరూ లోపలికి వచ్చేదాకా ఆగి, రెండువైపుల చెట్లలోంచీ ఒకేసారి పడ్డారు. వందలమంది చచ్చారు, కొందరు పెద్ద అధికారులు కూడా. లార్డ్ గ్రే ఇదంతా పైన గుర్రాల దళంతో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు ఆ వాలుల్లో చాలాచోట్ల ఉన్నది అటవీశాఖ నాటిన స్ప్రూస్ తోటలు, ఆనాటి ఓక్ అడవి కాదు. కానీ లోయ అడుగున నిలబడి తలెత్తి రెండువైపులా చూస్తే, గ్రే ఎంత తెలివితక్కువ పని చేశాడో యుద్ధ విద్య తెలియని మనకీ అర్థమవుతుంది. ఫియాక్‌ని 1597లో గానీ పట్టుకుని చంపలేకపోయారు. తల డబ్లిన్ కోట దగ్గర వేలాడదీశారు.

చావడానికి అయిదేళ్ల ముందు ఫియాక్ ఇంకో పని చేశాడు. డబ్లిన్ కోటలో ఇంగ్లిష్ వాళ్ల బందీలుగా ఉన్న, ఉత్తరాది పెద్ద వంశాలకి చెందిన హ్యూ ఓడానెల్, అతనితోపాటు ఆర్ట్ ఓనీల్, 1592 జనవరి చలిలో తప్పించుకున్నారు. కాలినడకన, సరైన బట్టల్లేకుండా, కొండల మీదుగా గ్లెన్‌మలూర్ చేరాలని. యాభై కిలోమీటర్ల పైమాటే. దారిలో స్నో. ఫియాక్ మనుషులు వెతుక్కుంటూ వెళ్లేసరికి ఇద్దరూ మంచులో పడి ఉన్నారు. ఆర్ట్ బతకలేదు. ఓడానెల్‌ని మోసుకొచ్చి కాపాడారు, చలికి చచ్చుబడిపోయిన కాలి బొటనవేళ్లు రెండూ తర్వాత కోసేయాల్సి వచ్చింది. ఆర్ట్ చనిపోయాడని చెప్పే చోట ఇప్పుడు ఒక శిలువ ఉంది. ఏటా జనవరిలో అర్ధరాత్రి డబ్లిన్ కోట దగ్గర బయలుదేరి అదే దారిన గ్లెన్‌మలూర్‌కి నడిచే, పరిగెత్తే ఈవెంట్ ఒకటి ఉంది. నన్ను రమ్మని అడక్కండి. (నవ్వులు)

బారావోర్ దాటి కాస్త లోపలికి నడిస్తే ఒంటరిగా చిన్న ఇల్లు కనబడుతుంది. ఒకప్పుడు అది స్వాతంత్ర్య ఉద్యమకారిణి మాడ్ గాన్ ఇల్లు, తర్వాత డాక్టర్ క్యాథ్లీన్ లిన్ చేతికి వచ్చింది. ఆవిడ 1916 తిరుగుబాటులో పాల్గొన్న డాక్టరు, డబ్లిన్‌లో పేద పిల్లలకి సెయింట్ అల్టన్స్ ఆసుపత్రి పెట్టింది. ఆ ఇంటిని యూత్ హాస్టల్ సంఘానికి ఇచ్చేసింది. కరెంటు లేకుండానే ఎన్నో తరాలుగా కొండల్లో నడిచేవాళ్లు అందులో తలదాచుకున్నారు. దగ్గర్లోనే సీసం గనుల శిథిలాలున్నాయి, గ్రానైటూ షిస్టూ కలిసే చోట సీసం పట్టీలుగా దొరుకుతుంది, పందొమ్మిదో శతాబ్దంలో ఈ లోయలో తవ్వారు. ఇప్పుడంత నిశ్శబ్దంగా ఉందిగానీ అప్పట్లో ఇది పనివాళ్లతో, దుమ్ముతో నిండిన లోయ.

అక్కడినుంచి ఎడమకి ఫ్రాకన్ రాక్ గ్లెన్ ఎక్కుతుంది, లగ్నక్విల్లాకి నాకు ఇష్టమైన దారి ఇది. ముందు అడవి రోడ్డు, తర్వాత వాగు పక్కన మెట్లు మెట్లుగా పైకి, కుడివైపు బెన్‌లీ గోడలు. జులై ఆఖర్లో వెళ్తే ఫ్రాకన్లు దొరుకుతాయి, నేరేడు రంగులో బఠాణీ గింజంత పళ్లు, హెదర్ పొదల మధ్య మోకాలి కింద ఉంటాయి. వంగి కోయాలి, వేళ్లూ నాలుకా ఊదారంగు తేలతాయి. జులై చివరి ఆదివారం వీటిని కోసుకోవడానికే కొండెక్కే ఆచారం ఐర్లండ్‌లో పాతకాలం నుంచీ ఉంది.

అహవన్నా వైపు గురించి తక్కువ చెబుతా, అక్కడ జనమే తక్కువ. మిలిటరీ రోడ్ ఆగిపోయేది అక్కడ. అక్కడి బ్యారక్స్‌ని తర్వాత పార్నెల్ వేటకి వచ్చినప్పుడు విడిదిగా వాడుకున్నాడు, ఆయన తర్వాత జాన్ రెడ్మండ్. ఐర్లండ్‌కి స్వపరిపాలన కావాలని లండన్ పార్లమెంటులో కొట్లాడిన ఇద్దరు నాయకులూ, తిరుగుబాటుదారుల్ని పట్టడానికి కట్టిన ఇంట్లో సెలవులు గడిపారన్నమాట.

నడక గురించి కొన్ని మాటలు. కాలికింద ఎక్కువగా ఉండేది పీట్, అంటే కుళ్లీ కుళ్లని నాచు వేల ఏళ్లుగా పేరుకున్న నల్లటి మన్ను. అందులో తొంభై శాతం నీళ్లే. పైకి పచ్చగా, మెత్తగా, ముద్దుగా కనబడే చోట అడుగు వేయకండి, మోకాలి దాకా దిగబడతారు. తెల్లటి దూదిలా పూలు ఊగుతుంటే అక్కడ నీళ్లున్నట్టే. స్నీకర్లు వద్దు. జీన్స్ అసలే వద్దు, తడిస్తే బరువెక్కి ఒంట్లో వేడంతా లాగేస్తాయి. వేసవిలో ఫెర్న్ పొదల్లోంచి నడిస్తే ఇంటికొచ్చాక టిక్స్, అంటే పిడుదుల్లాంటి పురుగులు, ఉన్నాయేమో ఒళ్లంతా చూసుకోండి, లైమ్ జబ్బు వస్తుంది. అవి జింకల మీదా బతుకుతాయి, ఇక్కడ జింకలకి కొదవలేదు. 1860లో పవర్స్‌కోర్ట్ ప్రభువు జపాన్ నుంచి సికా జింకల్ని తెప్పించి తన తోటలో పెట్టుకున్నాడు, అవి బయటపడి, ఇక్కడి ఎర్రజింకలతో కలిసి, ఇప్పుడు విక్లోలో కనబడేవి చాలావరకు ఆ మిశ్రమ సంతానమే.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. ఈ దేశంలో కొండలమీద తిరగడానికి మనకి చట్టపరంగా హక్కంటూ లేదు. చాలాచోట్ల ఆ నేల రైతులది, గొర్రెల మేతకి ఉమ్మడిగా వాడుకుంటారు, మనల్ని పోనిస్తున్నారంటే వాళ్ల మంచితనం. గేటు తీస్తే వెయ్యండి. కుక్కని తీసుకురాకండి. బ్లూటూత్ స్పీకర్ కారులో వదిలేయండి. గేటుకి అడ్డంగా కారు పెట్టి, పులిహోర తిన్న పేపర్ ప్లేట్లు రాళ్ల సందుల్లో దోపి వచ్చేస్తే, రేపు ఆ రైతు తాళం వేస్తే మనం ఏమీ అనలేం. ఇంత గట్టిగా చెబుతున్నానంటే చూశాను కాబట్టే చెబుతున్నాను.

సరే, ప్రశ్నలు.

(ప్రశ్న: గూగుల్ మ్యాప్స్ సరిపోదా?)

సరిపోదండీ. సిగ్నల్ ఉండదు, చలికి బ్యాటరీ గబగబా దిగిపోతుంది. ప్రభుత్వ సర్వేవాళ్ల డిస్కవరీ సిరీస్ 56వ నంబరు మ్యాపు, ఒక కంపాస్, గుంపులో కనీసం ఇద్దరికి అవి వాడటం రావాలి. పైకి చేరగానే, పొగమంచు లేకపోయినా సరే, కంపాస్ తీసి దిగాల్సిన దిక్కు చూసి పెట్టుకోండి. కమారా వైపు దిగేటప్పుడు నార్త్ ప్రిజన్ మీ కుడిచేతి వైపు ఉంటుంది, అటు వాలిపోకూడదు. ఫోన్ కూడా ఉంచుకోండి. 112కి ఎస్ఎమ్ఎస్ పంపడానికి ముందే రిజిస్టర్ చేసుకోవాలి, ఇక్కడ కూర్చునే ఇప్పుడే చేసుకోండి. ఫోన్ చేస్తే మౌంటెన్ రెస్క్యూ కావాలని అడగండి. వచ్చేవాళ్లు జీతగాళ్లు కాదు, మనలాగే ఆఫీసులకి వెళ్లే వాలంటీర్లు, డబ్బు తీసుకోరు, కాబట్టి అనుమానంగా ఉంటే మొహమాటపడి చీకటి పడేదాకా ఆగకండి.

(ప్రశ్న: పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?)

మీ పిల్లలు ఆరు గంటలు నడుస్తారా? అందులో కనీసం రెండు గంటలు వాన పడుతుంది అనుకుని చెప్పండి. పన్నెండేళ్లు దాటినవాళ్లు, నడక అలవాటున్నవాళ్లు, జూన్‌లో మంచి రోజు చూసుకుని అయితే ఓకే. చిన్నపిల్లలైతే శిఖరం మానేసి గ్లెన్‌మలూర్ తీసుకెళ్లండి. బారావోర్ దగ్గర నీళ్లలో రాళ్లేసుకుంటారు, మీరు క్యారవేస్టిక్ జలపాతం చూస్తారు. నేనైతే దాన్ని తక్కువ ట్రిప్ అని అనుకోను.

(ప్రశ్న: ఇమాల్ పేరుతో కుక్కల జాతి ఉందని విన్నాను?)

ఉంది, గ్లెన్ ఆఫ్ ఇమాల్ టెరియర్. పొట్టి కాళ్లు, పెద్ద తల, ముందుకాళ్లు కాస్త వంకర. ఈ లోయ రైతులే నక్కల్నీ బ్యాడ్జర్‌లనీ పట్టడానికి పెంచిన జాతి, 1934లో ఐరిష్ కెనెల్ క్లబ్ గుర్తించింది. ఇప్పుడు చాలా అరుదు. కానీ ఇందాక చెప్పాను కదా, మీ దగ్గర అదే ఉన్నా సరే, కొండమీదకి తేవద్దు. (నవ్వులు)

(ప్రశ్న: అయితే మనం ఏ దారిన వెళ్తున్నాం?)

ఇమాల్ నుంచే వెళ్దాం, కొత్తవాళ్లున్నారు కాబట్టి. ఆ వారాంతంలో ఫైరింగ్ ఉందో లేదో ఆర్మీ నోటీసు ముందే చూసి గ్రూపులో పెడతాను. ఉంటే గ్లెన్‌మలూర్. రెండిట్లో ఏదైనా బూట్లు కొనాల్సినవాళ్లు మాత్రం ఈ వారమే కొనేయండి, కొత్త బూట్లతో సరాసరి కొండకి రావద్దు, రెండు మూడుసార్లు ఫీనిక్స్ పార్కులో నడిచి అలవాటు చేసుకోండి. కార్లు ఎవరెవరు తెస్తున్నారో ఆ కాగితం మీద రాయండి, పెన్ను అక్కడే ఉంది.